డబ్బు కట్టకుండా, దొంగసరుకు ముట్టకుండా: ఇంటి కంప్యూటర్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెసేజీలూ ముందు పెట్టుకుంటే దాదాపు అన్నిట్లోనూ ఒకటే అడుగుతున్నారు. ఇంట్లో కంప్యూటర్ ఉంది, పైసా ఖర్చు లేకుండా ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు అని. ఏది వేసుకోవాలో అందరూ అడిగారు, ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఒక్కరూ అడగలేదు. నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది అదే. అందుకే ఆ దెబ్బ తగిలిన ఆవిడ ఉత్తరంతో మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: పీడీఎఫ్ ఎడిటర్ కావాలని గూగుల్‌లో వెతికి, అన్నిటికంటే పైన వచ్చిన దాన్ని నొక్కి వేసుకున్నాను. అప్పటి నుంచి క్రోమ్ తెరిస్తే ఏదో తెలియని పేజీ వస్తోంది. కుడిపక్క కింద "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది" అని గంటకోసారి డబ్బా పడుతోంది, ఫోన్ చెయ్యమని నంబర్ కూడా ఇస్తున్నారు. చెయ్యమంటారా? ఇంతకీ ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఊరికే ఎందుకిస్తారు?
(గృహిణి, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: వద్దమ్మా, ఆ నంబర్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దు. అటువైపు ఉండేది రిపేరు చేసేవాళ్ళు కాదు. మన స్క్రీన్ వాళ్ళకు కనపడేలా ఒక యాప్ వేయించి, ఆ తర్వాత బ్యాంకు ఖాతా తెరిపించి డబ్బు లాగేసేవాళ్ళు. ఒకవేళ ఇప్పటికే చేసి, వాళ్ళు చెప్పిందేదైనా వేసుకుని ఉంటే మాత్రం ముందు ఇంటర్నెట్ తీసేయండి, బ్యాంకుకి చెప్పండి, 1930కి ఫోన్ చెయ్యండి. అది సైబర్ మోసాల ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బు పోయినప్పుడు ఎంత తొందరగా చెబితే అది చేతులు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది. పాస్‌వర్డ్‌లు మార్చేటప్పుడు ఆ కంప్యూటర్ మీద కాదు, ఫోన్ మీద మార్చండి.

ఇక ఆ డబ్బా సంగతి. చాలా ఇళ్ళలో అది వైరస్ కాదు, ఏదో సైటుకి వెళ్ళినప్పుడు "అలో" అని అడిగితే చూసుకోకుండా నొక్కేసి ఉంటాం, ఆ సైటు అప్పటి నుంచీ మనకు నోటిఫికేషన్లు పంపుతూ ఉంటుంది. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అక్కడ అనుమతి ఉన్న సైట్ల పేర్లు వరసగా ఉంటాయి, మీకు తెలియనివన్నీ తీసేయండి. డబ్బాలు చాలావరకు అక్కడికక్కడే ఆగిపోతాయి. తర్వాత ఎక్స్‌టెన్షన్స్ (బ్రౌజర్‌కి అతికించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) పేజీలో మీరు పెట్టుకోనివి ఏమైనా ఉంటే అవీ తీసేయండి, కొత్త పేజీ రావడానికి కారణం ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాని వేసుకున్న తేదీ ప్రకారం పేర్చి చూడండి. ఆ పీడీఎఫ్ ఎడిటర్‌తో పాటు అదే రోజు మీకు తెలియకుండా దిగినవి ఇంకో రెండు మూడు కనపడినా ఆశ్చర్యపోకండి, అన్నీ తీసేయండి. చివరగా విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్ళి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేస్తుంది, కాసేపు పడుతుంది, మధ్యలో ఆపకండి.

ఇంతకీ తప్పు మీది కాదు. గూగుల్‌లో పైన వచ్చేవాటిలో కొన్ని డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు, వాటి మీద "స్పాన్సర్డ్" అని చిన్నగా ఉంటుంది. 2022లో ఏం జరిగిందో చెబుతాను. గింప్ అని ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాని పేరుతోనే గూగుల్‌లో ఒక ప్రకటన వచ్చింది, అడ్రసు కూడా అసలుదే చూపించింది, నొక్కితే మాత్రం అచ్చం అలాగే ఉండే నకిలీ సైటుకి తీసుకెళ్ళి పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌ని దింపింది. చదువుకున్నవాళ్ళు, ఇదే పనిలో ఉన్నవాళ్ళు కూడా పడిపోయే మోసం అది.

కాబట్టి నేను ఇంట్లో వాళ్ళందరికీ చెప్పేది ఇదే: సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే తెచ్చుకోండి. అడ్రసు ఎలా తెలుస్తుందంటారా, వికీపీడియాలో ఆ సాఫ్ట్‌వేర్ పేజీ తెరిస్తే కుడిపక్క పెట్టెలో అసలు సైటు లింకు ఉంటుంది, అది నొక్కండి. వీడియోలకు వీఎల్‌సీ కావాలంటే వీడియోలాన్ డాట్ ఆర్గ్. ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్. గింప్ డాట్ ఆర్గ్. జిప్ ఫైళ్ళు విప్పే సెవెన్ జిప్‌కి అడ్రసులో ఏడు అంకెకీ జిప్‌కీ మధ్య చిన్న గీత ఉంటుంది, చివర డాట్ ఆర్గ్, ఆ గీత లేని సైటు ఎంత బాగున్నా దాని జోలికి పోకండి. విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ కొన్ని దొరుకుతాయి, అక్కడ లిబ్రేఆఫీస్‌కి మాత్రం కొంత ధర పెట్టారు, వాళ్ళ సైటులో ఊరికే వస్తుంది.

ఊరికే ఎందుకిస్తారు అని కూడా అడిగారు మీరు, మంచి ప్రశ్న. వీఎల్‌సీని 1996లో పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు తమ కాలేజీ నెట్‌వర్క్‌లో వీడియోలు చూడటానికి మొదలుపెట్టారు. 2001లో ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సు కింద బయటపెట్టారు. ఇప్పటికీ చందాల మీద, ఇష్టపడి పనిచేసే ప్రోగ్రామర్ల మీద నడుస్తోంది, అందులో ప్రకటనలు లేవు. ఇలాంటివి వందల్లో ఉన్నాయి. మీరు వేసుకున్న ఆ ఎడిటర్ అలాంటిది కాదు, మీ బ్రౌజర్‌ని ఎవరికో అమ్ముకుని బతికేది.

ప్రశ్న: ఉద్యోగాలకు అప్లై చేసినప్పుడల్లా ఫోటో, సంతకం సైజు తగ్గించడానికి నెట్ సెంటర్‌కి పోవాల్సి వస్తోంది అన్నా. ప్రతిసారీ డబ్బులు, పైగా నా సర్టిఫికెట్లన్నీ వాళ్ళ కంప్యూటర్లోనే ఉండిపోతున్నాయి. ఇంట్లో చేసుకోలేనా?
(డిగ్రీ పూర్తిచేసిన యువతి, శ్రీకాళహస్తి)

జవాబు: హాయిగా చేసుకోవచ్చు తల్లీ. సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోతున్నాయన్న భయం కూడా సరైనదే. ఆన్‌లైన్‌లో "పీడీఎఫ్ సైజు తగ్గిస్తాం" అనే సైట్లకి ఆధార్, మార్కుల మెమో ఎక్కించడం కూడా అలాంటిదే, అటువైపు వాటిని ఎవరు దాచుకుంటారో మనకు తెలియదు.

గింప్ వేసుకో. ఉదాహరణకి బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ దరఖాస్తుల్లో ఫోటో వెడల్పు 200, ఎత్తు 230 పిక్సెళ్ళు (బొమ్మలోని చుక్కలు), 20 నుంచి 50 కేబీ లోపు, సంతకం వెడల్పు 140, ఎత్తు 60 పిక్సెళ్ళు, 10 నుంచి 20 కేబీ లోపు అడుగుతూ వచ్చారు. నువ్వు పెట్టే నోటిఫికేషన్‌లో ఏముందో చూసుకుని ఆ అంకెలే వాడు. గింప్‌లో ఫోటో తెరిచి క్రాప్ టూల్ తీసుకుంటే కింద "ఫిక్స్‌డ్" అనే చోట యాస్పెక్ట్ రేషియో ఉంటుంది, అందులో 200:230 అని కొట్టు. ఇప్పుడు ఎక్కడ లాగినా పెట్టె అదే నిష్పత్తిలో కదులుతుంది, మొహం సాగదు, నొక్కుకుపోదు. నెట్ సెంటర్లలో హడావిడిగా చేసేది ఇక్కడే, అందుకే చాలా హాల్ టికెట్ల మీద మొహాలు సొట్టలు పోయినట్టుంటాయి. కత్తిరించాక ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్ళి వెడల్పు 200 పెడితే ఎత్తు దానంతటదే 230 అవుతుంది.

తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి పేరు చివర డాట్ జేపీజీ అని పెట్టు. ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది, అందులో క్వాలిటీ అని జరిపే గీత ఉంటుంది. దాంతో పాటు ప్రివ్యూ చూపించమనే టిక్కు ఉంటుంది, అది పెట్టగానే ఫైలు ఎన్ని కేబీలు అవుతుందో అక్కడే కనిపిస్తుంది. గీతని కొంచెం కొంచెం జరుపుతూ 40 కేబీ దగ్గర ఆపు. సేవ్ చేసి, ఎక్కించి, "సైజు ఎక్కువైంది" అని తిట్టించుకుని మళ్ళీ మొదలుపెట్టే బాధ ఉండదు. సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో పెట్టి, పగటి వెలుతురులో నీడ పడకుండా ఫోటో తీసుకో.

పీడీఎఫ్‌లకయితే లిబ్రేఆఫీస్‌లోని డ్రా చాలు. పీడీఎఫ్ అందులో తెరిచి, మళ్ళీ ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ నొక్కితే బొమ్మల నాణ్యత, రిజల్యూషన్ తగ్గించే చోటు వస్తుంది. 150 డీపీఐ పెట్టి చూడు, అక్షరాలు చదవగలిగేలా ఉంటూ సైజు బాగా దిగుతుంది. ఇంట్లో స్కానర్ ఉంటే నాప్స్2 అని ఇంకోటి ఉంది, స్కాన్ చేసిన పేజీలన్నిటినీ ఒకే పీడీఎఫ్‌గా కుట్టి ఇస్తుంది. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పేర్లు పెట్టి దాచుకుంటే మళ్ళీ మళ్ళీ చేసే పని ఉండదు.

ప్రశ్న: నాది పాత డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. దానికి ఇక అప్‌డేట్లు రావట, విండోస్ 11 ఎక్కదట, కొత్తది కొనమంటున్నారు షాపువాళ్ళు. నేను చేసేది పేపరు చదవడం, మనవడితో వీడియో కాల్, అప్పుడప్పుడు ప్రింట్. దీనికి కొత్త కంప్యూటర్ కావాలా?
(రిటైర్డ్ సైన్స్ టీచర్, బాలాజీ కాలనీ, తిరుపతి)

జవాబు: అక్కర్లేదు సార్. షాపువాళ్ళు చెప్పిన మొదటి రెండు మాటలూ నిజమే, మూడోది మాత్రం మీరు తేల్చుకోవలసింది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్న ఇళ్ళకు ఇంకో ఏడాది అదనంగా ఇచ్చే ఏర్పాటు చేశారు, అది తాత్కాలికమే. విండోస్ 11 రూల్స్ ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే చిప్పు ఉన్న మిషన్లకే. అంటే మీది ఆ లెక్కలో లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్ళు ఉన్నారు కానీ రేపు అప్‌డేట్ ఆగిపోతే మళ్ళీ మీకే టెన్షన్.

కానీ మిషన్ పాడవలేదు కదా సార్, దానికి విండోస్ తప్ప వేరేది పెట్టకూడదని ఎక్కడా లేదు. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ అని ఒకటి ఉంది, అందులో మింట్ అనే రకం మీకు సరిపోతుంది. 2006 నుంచి వస్తోంది, ఉచితం, స్క్రీన్ చూడటానికి దాదాపు విండోస్ లాగే కింద పట్టీ, ఎడమపక్క మెనూ ఉంటాయి. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం తీసుకోండి, 4 జీబీ ర్యామ్‌కి అది బాగుంటుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అందులోనే వేసి ఇస్తారు. మింట్‌లో ఇంకో గొప్ప సౌకర్యం ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ మేనేజర్ అని ఒకటి ఉంటుంది, కావలసిన ప్రోగ్రామ్‌లన్నీ అందులో నుంచే తీసుకోవచ్చు, నెట్‌లో వెతుక్కుంటూ పోయి పై ఆవిడ లాగా ఇరుక్కోవలసిన పనే ఉండదు.

భయపడకుండా ముందు రుచి చూడండి. మింట్ సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు దింపుకుని (మింట్ మొత్తం ఆ ఒక్క ఫైలులోనే ఉంటుంది, 3 జీబీ దాకా), 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఎచర్ లేదా రూఫస్ అనే ఉచిత సాధనంతో ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో పాతవి ఏమున్నా పోతాయి, చూసుకోండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ నొక్కితే (కంపెనీని బట్టి మారుతుంది) పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది. హార్డ్ డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా కదలదు. కొంచెం నెమ్మదిగా ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ వల్ల. అలా ఉండగానే వైఫై కలుస్తోందా, స్పీకర్లు పలుకుతున్నాయా, కెమెరాలో మీరు కనిపిస్తున్నారా, మనవడికి కాల్ వెళ్తోందా అన్నీ చూసుకోండి. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ చేయండి, అంతకుముందు ఫోటోలు, పెన్షన్ కాగితాలు బయట ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో ఇంకో కంప్యూటర్లో చూశాకే.

ప్రింటర్ దగ్గర ఒక మాట. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు లైనక్స్‌లో ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. మన వైపు ఎక్కడ చూసినా కనిపించే ఆ తెల్లటి కానన్ ఎల్‌బీపీ 2900 మీ ఇంట్లో ఉంటే మాత్రం లైనక్స్‌తో దాన్ని కలపడం తలనొప్పి. తెలిసినవాళ్ళు ఉంటే కుదురుతుంది, లేకపోతే కష్టం. ముందే చూసుకోండి.

ఖర్చు పెట్టాలనే ఉంటే ఒకే ఒక్కదానికి పెట్టండి. పాత హార్డ్ డిస్క్ తీసేసి సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. కొత్త కంప్యూటర్ ధరతో పోలిస్తే అది చాలా తక్కువ, ఆన్ అవడంలో తేడా మొదటిరోజే తెలుస్తుంది. ఇక నేర్చుకోవడానికి ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ సైటులో లైనక్స్ మీద, లిబ్రేఆఫీస్ మీద చిన్న చిన్న వీడియో పాఠాలు ఉన్నాయి, తెలుగు గొంతుతో కూడా ఉన్నాయి, అన్నీ ఉచితమే.

ప్రశ్న: నేను డీటీపీలో చాలా ఏళ్ళు పనిచేశాను, చేతులకు అను అనే తెలుగు సాఫ్ట్‌వేర్‌లోని యాపిల్ కీల అమరికే అలవాటు. ఇప్పుడు ఇంట్లో మా నాన్నగారి భజన కీర్తనలు టైప్ చేస్తున్నాను. అందులో చేసిన ఫైలు మా అమ్మాయికి పంపితే గీతలు, చుక్కలు కనిపిస్తున్నాయంటోంది. ఉచితంగా దొరికే మార్గం చెప్పండి.
(మిట్టూరు, చిత్తూరు)

జవాబు: అను ఫాంట్లలో జరిగేది ఏమిటంటే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కి అవి తెలుగని తెలియదు. తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న యూనికోడ్ పద్ధతిలో టైప్ చేస్తే ఆ గొడవ లేదు, ఫోన్‌లో, వాట్సాప్‌లో, ఎక్కడైనా తెలుగుగానే కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది.

మీ చేతి అలవాటు వదులుకోనవసరం లేదు. లైనక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే ఏర్పాటుతో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది, అదీ యూనికోడ్‌లోనే. విండోస్‌లోనయితే సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టుకుంటే ఇంట్లో ఎవరైనా ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేయొచ్చు, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఫాంట్లకు కొరత లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, పెద్దన, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒకటి ఉంది, కీర్తనల శీర్షికలకు నిండుగా ఉంటుంది. పుస్తకం లోపలి పేజీలకు నాకు మండలి నచ్చుతుంది, ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, పెద్దవాళ్ళ కళ్ళకు సుఖంగా ఉంటుంది.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో తెలుగు టైప్ చేసేవాళ్ళు చాలామంది ఒకచోట చిక్కుకుంటారు. ఫాంటు మారుస్తారు, తెలుగు మారదు. కారణం, అందులో తెలుగు, హిందీ లాంటి లిపులకు విడిగా కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అని వేరే గది ఉంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల దగ్గర దానికి టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి, ఇక ఫాంటు కిటికీలో తెలుగుకి వేరే ఫాంటు, వేరే సైజు పెట్టుకునే చోటు వస్తుంది. పుస్తకం అయ్యాక పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ప్రెస్సుకి ఇవ్వండి, ఫాంటు పీడీఎఫ్‌లోనే కలిసిపోతుంది కాబట్టి వాళ్ళ దగ్గర ఆ ఫాంటు లేకపోయినా మీరు పేర్చినట్టే అచ్చవుతుంది.

ఇప్పటికే అనులో చేసిన కీర్తనలను యూనికోడ్‌కి మార్చే ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, అరసున్నాలు, అంకెలు ఒక్కో పేజీ చదివి దిద్దుకోండి, కీర్తనల్లో ఒక్క ఒత్తు పోయినా పాడేవాళ్ళు తడబడతారు. అచ్చు పుస్తకాల నుంచి ఎత్తి రాయాలంటే తెలుగు చదవగలిగే టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ (పేజీ బొమ్మని అక్షరాలుగా మార్చే సాధనం) ఉంది, పేజీ శుభ్రంగా స్కాన్ అయితే సగం శ్రమ తగ్గుతుంది.

ప్రశ్న: హాస్టల్లో అందరం ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ఫోటో ఎడిటింగ్, వీడియో ఎడిటింగ్ క్రాక్‌లు (డబ్బు కట్టకుండా పనిచేసేలా చేసిన దొంగ కాపీలు) వేసుకున్నాం. యాంటీవైరస్ ఆపేసి వేయమని అందులో రాసి ఉంది. ఇప్పటిదాకా ఏం కాలేదు. నిజంగా ప్రమాదమా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, చంద్రగిరి దగ్గర)

జవాబు: ప్రమాదమే తమ్ముడూ. తలుపు తీసిపెట్టి, కాపలావాడిని ఇంటికి పంపేసి, ఆ తర్వాత ఎవరినో లోపలికి రమ్మన్నట్టు అది. ఏం కాలేదు అని ఎలా తెలుసు? ఈ రకం దొంగ ప్రోగ్రామ్‌లు స్క్రీన్ మీద ఏమీ చూపించవు, బ్రౌజర్‌లో సేవ్ చేసి పెట్టిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలు (మళ్ళీ పాస్‌వర్డ్ అడగకుండా సైట్లు పెట్టుకునే గుర్తులు) ఎత్తుకుపోతాయి. కొన్ని నెలలకు నీ ఇన్‌స్టా నుంచి ఎవరెవరికో మెసేజీలు వెళ్ళినప్పుడు తెలుస్తుంది. ఇక స్టాప్ లేదా డీజేవూ అనే రాన్సమ్‌వేర్ అయితే ముఖ్యంగా క్రాక్‌లు, కీజెన్‌ల (దొంగ లైసెన్సు నంబర్లు తయారుచేసేవి) ద్వారానే ఇళ్ళలోకి వచ్చేది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బడుగుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టు సమర్పించే వారంలో అది జరిగితే ఎవరికి చెప్పుకుంటావు?

పైగా అవసరమే లేదు. ఫోటోలకు గింప్, బొమ్మలు గీయడానికి క్రీటా, లోగోలు, పోస్టర్లకు ఇంక్‌స్కేప్, వీడియోలకు కేడెన్‌లైవ్, త్రీడీకి బ్లెండర్. వీటిని పేదవాడి వస్తువులనుకోకు, 2025లో యానిమేషన్ విభాగంలో ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమాని బ్లెండర్‌లోనే చేశారు. మొదట్లో మెనూలు వేరేగా ఉండి చిరాకు వస్తుంది, అది నిజం, ఒక పోస్టర్ మొదటి నుంచి చివరిదాకా పట్టుదలగా అందులోనే చేస్తే చిరాకు చాలావరకు పోతుంది. మీ బ్రాంచికి కావలసినవి కూడా ఉన్నాయి. లెక్కలకు వాడే మ్యాట్‌ల్యాబ్ బదులు ఆక్టేవ్, సైల్యాబ్, సర్క్యూట్ బోర్డులకు కైక్యాడ్. ఐఐటీ బాంబేలోనే ఫాసీ అని ఒక ప్రాజెక్టు ఉంది, కాలేజీల్లో ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకాన్ని పెంచడమే వాళ్ళ పని.

క్రాక్‌లు వేసిన కంప్యూటర్‌కి ఒక్కటే మందు. నీ ఫైళ్ళు (ప్రోగ్రామ్‌లు కాదు, ఫైళ్ళు మాత్రమే) కాపీ చేసుకుని, డిస్క్ మొత్తం తుడిచి, విండోస్ గానీ లైనక్స్ గానీ మళ్ళీ వేసుకో. తర్వాత ముఖ్యమైన పాస్‌వర్డ్‌లన్నీ మార్చు, జీమెయిల్‌తో మొదలుపెట్టు. ఆ పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చెయ్యమని హాస్టల్లో మిగతావాళ్ళకీ చెప్పు.

ప్రశ్న: మాకు మామిడి తోట ఉంది. తోతాపురి లోడ్లు ఫ్యాక్టరీకీ మండీకీ తోలుతాం. వేబ్రిడ్జి చీటీలు, బాకీలు నోటు పుస్తకంలో రాస్తే సీజన్ అయ్యేసరికి లెక్క తేలడం లేదు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొనాలా?
(రైతు, దామలచెరువు)

జవాబు: వద్దన్నా, మీకు లిబ్రేఆఫీస్‌లోని కాల్క్ చాలు. గ్నూక్యాష్ అని పూర్తి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగానే ఉంది, కానీ అది జమ, ఖర్చు పద్ధతిలో లెక్కలు రాయడం తెలిసినవాళ్ళకి, సీజన్ మధ్యలో అది నేర్చుకోవడం కష్టం.

కాల్క్‌లో ముందు ఒక షీటు తెరవండి. ఒక లోడుకి ఒక వరస. తేదీ, బండి నంబరు, ఎవరికి వేశారు, వేబ్రిడ్జి చీటీ నంబరు, నికర బరువు టన్నుల్లో, టన్ను ధర, కమీషన్, హమాలీ, బండి బాడుగ, వచ్చిన డబ్బు, వచ్చిన తేదీ. ఆ తర్వాత గడిలో ఒకే సూత్రం: బరువు ఇంటూ ధర, అందులోంచి మీ మీద పడే కోతలు తీసేసి, వచ్చిన డబ్బు తీసేస్తే మిగిలింది రావలసిన బాకీ. మొదటి వరసలో రాసి కిందికి లాగితే అన్నిటికీ అదే పడుతుంది. ఒకే బాకీ మూడు విడతల్లో వస్తే ఒక్కో విడతనీ రెండో షీటులో తేదీతో సహా రాసుకుని, వాటి మొత్తాన్ని మొదటి షీటులో "వచ్చిన డబ్బు" గడిలో పెట్టండి, లేదంటే ఏ డబ్బు ఎప్పుడొచ్చిందో గొడవైనప్పుడు మీ దగ్గర ఆధారం ఉండదు. "ఎవరికి" అనే గడిలో పేరు ప్రతిసారీ ఒకేలా రాయాలి, ఒకసారి పొట్టిగా, ఒకసారి పూర్తిగా రాస్తే కంప్యూటర్ ఇద్దరనుకుంటుంది. సీజన్ చివర డేటా మెనూలో పివట్ టేబుల్ పెడితే ఎవరి దగ్గర ఎన్ని టన్నులు, ఎంత బాకీ అనేది ఒక్క పేజీలో వచ్చేస్తుంది.

చీటీలు ఇంకు వెలిసిపోయే కాగితం మీద వస్తాయి, అందుకని రాసిన రోజే ఫోన్‌తో ఫోటో తీసి చీటీ నంబరే పేరుగా పెట్టి దాచండి. ఫైలు ఇంట్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి.

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి యాంటీవైరస్ కొనాలా? (పలమనేరు)

జవాబు: ఇంటి వాడకానికి అందులో వచ్చే డిఫెండర్ చాలు. దాన్ని ఆపకుండా, అప్‌డేట్లు వాయిదా వేయకుండా ఉంటే అదే మీ యాంటీవైరస్. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే మోసపు ప్రకటనలు చాలావరకు కంటికే కనపడవు.

ప్రశ్న: ఆరేళ్ళ పాపకి కంప్యూటర్లో ఏదైనా ఇవ్వాలి, యూట్యూబ్ మాత్రం వద్దు. (ఎం.ఆర్.పల్లి, తిరుపతి)

జవాబు: జీకాంప్రి వేయండి. రెండేళ్ళ నుంచి పదేళ్ళ దాకా పిల్లలకు లెక్కలు, బొమ్మలు, మౌసు పట్టుకోవడం, గడియారం చూడటం లాంటివి వందకు పైగా ఆటలుగా ఉంటాయి, ప్రకటనలు ఉండవు, నెట్ కూడా అక్కర్లేదు. కొంచెం పెద్దయ్యాక స్టెల్లేరియం చూపించండి, మీ ఊరు పెట్టుకుంటే ఆ రాత్రి మేడ మీద కనిపించే నక్షత్రాలే స్క్రీన్ మీద పేర్లతో కనిపిస్తాయి.

ప్రశ్న: మా అక్క సీమంతం ఫోటోలున్న మెమరీ కార్డు పొరపాటున ఫార్మాట్ చేసేశాం. వెనక్కి తెస్తామని ఒక సాఫ్ట్‌వేర్ చాలా డబ్బు అడుగుతోంది. (నగరి)

జవాబు: డబ్బు కట్టకండి. ముందు ఆ కార్డుని కెమెరాలో నుంచి తీసి పక్కన పెట్టండి, ఇంకొక్క ఫోటో కూడా దాంట్లో తీయొద్దు. కొత్తగా రాసిన ప్రతిదీ పాతవాటి మీదే పడుతుంది, అలా పడినవి ఎవరూ తేలేరు. ఫోటోరెక్ అనే ఉచిత సాధనం ఉంది, టెస్ట్‌డిస్క్‌తో కలిసి వస్తుంది, సీజీసెక్యూరిటీ డాట్ ఆర్గ్ వాళ్ళ సొంత సైటు. దింపుకున్న ఫోల్డర్‌లో క్యూఫోటోరెక్ అనేది తెరవండి, అది మౌసుతో నడిచేది. కార్డు రీడర్‌లో కార్డు పెట్టి, జాబితాలో దాని సైజు చూసి ఎంచుకోండి, ఇంటి హార్డ్ డిస్క్‌ని ఎంచుకోకుండా జాగ్రత్త. ఫైల్ ఫార్మాట్స్‌లో జేపీజీ, వీడియోలు ఉంటే అవి కూడా ఉంచి మిగతావి తీసేయండి. దొరికినవి ఎక్కడ పెట్టాలని అడిగితే ఆ కార్డు మీద కాకుండా కంప్యూటర్లో కొత్త ఫోల్డర్ చూపించండి. పేర్లు పోయి అంకెలతో వస్తాయి, కొన్ని సగమే వస్తాయి. ఎన్ని వచ్చాయో చూసి, చాలకపోతే అప్పుడు రాయండి, కార్డు మాత్రం అప్పటిదాకా ముట్టుకోకండి.